బిరడా తిప్పే చెయ్యి

హనుమకొండ

నా బంగారు చిట్టీ,

నీ మెసేజ్ చూసిన. ఫోన్‌లనే రెండు ముక్కలు రాసి పంపుదామని మొదలుపెట్టి ఆగిపోయిన. నువ్వడిగింది రెండు ముక్కల్లో ఒడిసే సంగతి కాదు. అందుకే కాగితం, కలం పట్టుకొని కూసున్న. ఓపికగ చదువు బిడ్డా. నడుమల కోపమొస్తది, నాకు ఎరుకే. కోపమొచ్చిన కాడ పక్కకు పెట్టి, చాయ్ తాగి, మల్ల చదువు.

ముందుగాల ఇంటి ముచ్చట. మీ అమ్మ మోకాళ్ల నొప్పి జర నయం. డాక్టరు నడువుమన్నడని పొద్దున్నే ఇద్దరం పద్మాక్షి గుట్ట దాక పోయి వస్తున్నం. ఆమె నాలుగు అడుగులకోపారి ఆగుతది, నేను ఆగకుంట పోతే అలుగుతది. వానలు ఈసారి ఇడిసిపెడుతలేవు. వడ్డేపల్లి చెరువు మత్తడి దుంకుతున్నది. గునుగు అప్పుడే పూత పట్టింది, బతుకమ్మకు పూలకు కరువుండదు. ముసురుకు నా వీణ బిరడాలు ఉబ్బి బిగుసుకపోయినయి, తిప్పితే తిరుగుతలేవు. రోజూ పొద్దుగూకినంక కాసేపు దాంతోనే కుస్తీ.

ఇగ నీ సంగతి. “పెద్దమ్మా, ఇవ్వాళ ఒకణ్ని టేక్ డౌన్ ఎ పెగ్ చేసిన. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పు, శుక్రవారం మా ఆఫీసుల ఇంగ్లీషు క్లబ్బుల మాట్లాడాలె” అని రాసినవు. రాత్రి ఫోన్ చేసి మిగిలిన కథ చెప్పినవు. కొత్తగ చేరిన పిల్లగాడు, మీటింగుల ప్రతిదానికి “అది నాకు తెలుసు” అంటున్నడని, నువ్వు వానికి తెలువని ప్రశ్న ఒకటి చూసి మరీ అడిగినవని, వాడు నోరు తెరిచి నిలబడితే పది మంది నవ్విన్రని. చెప్పుకుంట నువ్వు కూడ నవ్వినవు. నేను నవ్వలేదు. నీకు లైన్ల తెలిసిందో లేదో.

అడిగిన దానికి ముందు జవాబు చెప్త. పెద్దమ్మ ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, అడిగితే చెప్పకుంట ఉండలేదు. ఆ తర్వాత తిట్టేది తిడుత.

మాటకు అర్థం నీకు తెలిసిందే. మిడిసిపడేటోణ్ని ఒక మెట్టు కిందికి దించుడు. మన దిక్కు కొమ్ములు విరుచుడంటం, తిక్క కుదుర్చుడంటం, నెత్తికెక్కిన కండ్లు దించుడంటం. పెగ్ అంటే ఇక్కడ కట్టె చీల. మనిషి ఏ చీల మీదున్నడో దానికంటే కింది చీలకు దించుడన్నట్టు. ఈ మాట 1589లోనే అచ్చుల కనిపిస్తది. అప్పుడు ఇంగ్లండుల బిషప్పుల పెత్తనం ఉండాలెనా వద్దా అని పెద్ద కరపత్రాల కొట్లాట నడుస్తున్నది. పేర్లు దాచుకొని ఒకళ్లనొకళ్లు తిట్టుకుంట అచ్చేసుకున్నరు. బిషప్పుల పక్షాన జాన్ లిలీ రాసిండని చెప్పే ఒక కరపత్రంల, ఎదుటి వర్గపోళ్లను ఒక చీల కిందికి దించేది తనేనని రాసినాయన బెదిరిస్తడు. చూసినవా, తిట్ల పుస్తకంలనే మనకు మొదలు కనబడుతది ఈ మాట.

ఎక్కడి నుంచి వచ్చిందనేదానికి మూడు దారులు చెప్తరు. ఓడల మీద జెండా తాడును చీలలకు కట్టేటోళ్లని, ఎంత పై చీలకు కడితే అంత గౌరవమని, ఆ గౌరవం తగ్గించాలంటే ఒక చీల దించేటోళ్లని ఒక కథ. వినడానికి మంచిగుంటది కాబట్టి అందరు ఇదే చెప్తరు. గట్టి ఆధారం లేదు. నువ్వు క్లబ్బుల చెప్పేటప్పుడు “అంటరు” అని చెప్పు, “జరిగింది” అని చెప్పకు.

రెండోది తాగుడు గిన్నెల కథ. ఎడ్గర్ అని ఇంగ్లండు రాజు, 959 నుంచి 975 దాక ఏలిండు. జనం తాగి కొట్టుకుంటున్నరని, ఎవరి వాటా ఎంతనో తెలువాలని, గిన్నె లోపల చీలలు కొట్టించిండట. డన్‌స్టన్ అనే మతగురువు సలహా అది. పన్నెండో శతాబ్దంల విలియం ఆఫ్ మామ్స్‌బరీ అనే చరిత్రకారుడు ఈ ముచ్చట రాసిపెట్టిండు. కట్టడి కోసం పెట్టిన చీలే తర్వాత పందెమైంది. నువ్వు ఈ చీల దాక తాగితే నేను ఆ చీల దాక తాగుత అని. కొసకు 1102లో లండన్‌ల జరిగిన మతసభ, పూజారులు చీలల లెక్కన తాగొద్దని కట్టుబాటు చెయ్యాల్సొచ్చింది. ఈ కథ నీ క్లబ్బుల బాగ పండుతది, చెప్పు.

మూడో దారి సంగీతంది. నా మనసు దీని మీదనే నిలుస్తది. తంత్రి వాయిద్యాలకు తీగ చుట్టే చీల ఉంటది కద, మన వీణ బిరడా అసొంటిది. దాన్ని వదులు చేస్తే శ్రుతి దిగుతది. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ల ఈ చీలల ముచ్చటుంది. ఆ నాటకం డిగ్రీ పిల్లలకు ఎన్నేండ్లో చెప్పిన. సముద్రం మీద తుఫాను. ఒథెల్లో ఒక ఓడల, పెండ్లాం డెస్డిమోనా ఇంకో ఓడల. బతికున్నరో లేదో తెలువదు. సైప్రస్ ఒడ్డున ఇద్దరు కలుసుకుంటరు. ఆ మనిషికి సంతోషంతోని మాట రాదు. అందరు చూస్తుండంగ పెండ్లాన్ని దగ్గరికి తీసుకుంటడు. పక్కన నిలబడి చూస్తున్న ఒథెల్లో సైనికుడు ఇయాగో తనలో తను అనుకుంటడు, ఇప్పుడు మీరు మంచి శ్రుతిల ఉన్నరు, ఈ సంగీతం పలికించే చీలలను నేను దించుత అని.

ఈ సీను చెప్పినప్పుడల్లా పిల్లల్ని ఒకటే అడుగుదును. వాళ్లిద్దరు ఇయాగోకు చేసిన అన్యాయం ఆ నిమిషంల ఏంది? ఏం లేదు. సంతోషంగ ఉన్నరు, అంతే. ఎదుటోని శ్రుతి పైన ఉన్నదని చెయ్యి బిరడా మీదికి పోతున్నది.

బిడ్డా, ఇక్కడ ఆగి ఒకటి ఆలోచించు. ఆ పిల్లగాడు “నాకు తెలుసు” అన్నప్పుడు నీ పనికి నష్టమైందా? వాని మాట నమ్మి ఎవరన్న తప్పు లెక్క కట్టిన్రా? అట్లయితే ఆపుడు నీ బాధ్యత, నేను నిన్ను ఒక్క మాట అనను. లేకపోతే వాడట్ల ఎగిరెగిరి మాట్లాడుడు నీ కండ్లకు నచ్చలేదా? నాకు జవాబు చెప్పకు. నీకు నువ్వు చెప్పుకో.

వీణ శ్రుతి చేసుడు నువ్వు చిన్నప్పుడు నా పక్కన కూసోని చూసినవు. ఏడు తంత్రులు. వాయించేవి నాలుగు, సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మూడు. ఎడమ చేత్తోని బిరడా తిప్పుకుంట కుడి చేత్తోని తీగ మీటుకుంట, చెవి మాత్రం ఆ రెండు చేతుల మీద లేకుంట షడ్జం మీద ఉండాలె. ఎండకాలం బిరడా జారుతది, సుద్దముక్క రుద్దాలె. ముసురుకు ఉబ్బి కదలదు, బలమంత పెట్టి తిప్పితే ఒక్కసారే గిర్రున తిరిగి తీగ లూజై జీరబోతది. తీగ పైన పలుకుతున్నదని ఎవరు దించరు. సారణి ఉండాల్సిందే అనుమంద్రం కంటే పైన. మిగిలినవాటితోని కలుస్తలేకపోతేనే తిప్పుతరు, అది కూడ వెంట్రుకవాసి. పైకి పలికేదాన్నల్లా దించుకుంట పోతే ఆఖరుకు వీణ మిగలదు, కట్టె మిగులుతది.

నువ్వు కూడ పైకి పలికే తీగవే. నీకు ఎనిమిదేండ్లప్పుడు బంధువులింట్ల “ఆడపిల్లకు ఇంత నోరా” అన్నరు. మీ నాయిన ఏమనలేక తల దించుకున్నడు. నువ్వు ఇంటికొచ్చి దిండుల మొహం పెట్టుకొని పడుకున్నవు, అన్నం తినలేదు. ఆ రోజు నీది పొగరా? నీకు ప్రశ్నలున్నయి, అడిగినవు. అంతే కద. మరి ఈ పిల్లగానిది పొగరే అని నీకు ఎట్ల రూఢి అయ్యింది? వాడు కొత్తోడు. ఇంగ్లీషు తడబడుతున్నడని నువ్వే చెప్పినవు. తెలువదంటే ఎక్కడ చిన్నచూపు చూస్తరో అని భయపడేటోడు కూడ “తెలుసు, తెలుసు” అంటడు తల్లీ. నా క్లాసుల అసొంటోళ్లు ఏటా ఉండేటోళ్లు. వాళ్లను నిలబెట్టి అడిగితే మల్ల ఎన్నడూ నోరు తెరవరు. క్లాసు అయినంక వరండాల నిలబెట్టి “ఇది నాకు జర చెప్పు నాయినా” అంటే నిజం చెప్తరు.

తిట్టుడు అయిపోయిందనుకోకు. అసలుది ఇంకా ఉన్నది.

నిన్ను వరంగల్ కోటకు తీస్కపోయిన యాది ఉన్నదా? నాలుగు కీర్తి తోరణాలు చూసి, “పెద్దమ్మా, ఇంత పెద్ద దర్వాజలకు తలుపులేవి?” అని అడిగినవు. పైన వరుసగ ఉన్న రాతి హంసలను వేలితోని లెక్కపెట్టుకుంట, లెక్క తప్పి, మల్ల మొదలుపెట్టినవు. నడుమ ఉండాల్సిన స్వయంభూ దేవాలయం లేదు, రాళ్లు పడున్నయి. ఎందుకు లేదు అని అడిగితే కాకతీయ రాజు ప్రతాపరుద్రుని కథ చెప్పిన గని, చిన్నపిల్లవని సగమే చెప్పిన. మిగిలిన సగం ఇప్పుడు చెప్త.

1310 మొదట్ల మాలిక్ కాఫర్ ఢిల్లీ సైన్యంతోని వచ్చి ఓరుగల్లును చుట్టుముట్టిండు. మట్టికోట వాళ్ల చేతుల పడ్డది. రాతికోట లోపల రాజు చిక్కిండు. ఇగ లాభం లేదని సంధికి ఒప్పుకున్నడు. అప్పుడు తన రూపాన్నే బంగారంతోని బొమ్మ చేయించి, ఆ బొమ్మ మెడల బంగారు గొలుసు వేయించి పంపిండని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాసిండు. ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చుకునుడు సరే, ఏటేటా కప్పం కట్టుడు సరే. తన మెడకు తనే గొలుసు వేసుకున్నట్టు బొమ్మ! ఆ బొమ్మ పోత పోసిన కంసాలి ఎవరో, ఏమనుకుంట పోసిండో అని నేను ఎన్నోసార్లు అనుకున్న. రుద్రమదేవి మనుమడు ఆయన. మనిషిని ఒక చీల కాదు, అన్ని చీలలూ దించుడే అది.

దించినోళ్లు ఏమనుకున్నరు? ఇగ ఈయన అణిగిండు అనుకున్నరు. కొన్నేండ్లకు కప్పం ఆగింది. 1318లో ఖుస్రో ఖాన్ సైన్యం వేసుకొని మల్ల వచ్చిండు. మల్ల లొంగుడు. ఈ సారి రాజు ఢిల్లీ పంపిన వస్త్రాలు కట్టుకొని, కోటగోడ మీదికెక్కి, ఢిల్లీ దిక్కు తిరిగి వంగి దండం పెట్టిండు. ఊరు ఊరంత కింద నిలబడి చూసే ఉంటది. రెండేండ్లకు ఢిల్లీల ఖల్జీలు పోయి తుగ్లక్‌లు వచ్చిన్రు. కప్పం మల్ల బందయ్యింది.

ఆయన్ను నేను తప్పుపట్టుత లేను. సొంతంగ ఏలిన వంశంల పుట్టినోడు ఎందుకు వంగుతడు? నేను చెప్పేది దించినోళ్ల గురించి. పదేండ్లల్ల రెండుసార్లు, లోకం చూస్తుండంగ దించిన్రు. ఏం సాధించిన్రు? మెడ వంగింది. మనసు ఇంకింత బిగుసుకుంది. నీ మీటింగుల నవ్వు విన్న ఆ పిల్లగాడు రేపు పొద్దున వినయంగ వస్తడనుకుంటున్నవా? తలకాయ ఊపుతడు. నీకు తెలువాల్సింది మాత్రం ఇగ నీకు చెప్పడు. పనిల ఎక్కడన్న తప్పు కనబడితే, చెప్తే ఏమైతదో అని నోరు మూసుకుంటడు. టీం లీడ్‌వి నువ్వు, ఆ నష్టం నీదే.

కోట కథ ఇంకా కాలేదు. 1321-22 ప్రాంతంల ఉలుగ్ ఖాన్ వచ్చి ముట్టడి పెట్టిండు, తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయింది ఆయనే. నెలలు గడిచినయి, కోట లొంగలేదు. అంతల ఢిల్లీల సుల్తాను చచ్చిపోయిండని పుకారు పుట్టింది. ముట్టడి సైన్యంల ఎవరిని నమ్మాలెనో ఎవరికి తెలువలేదు. ముట్టడి ఎత్తేసి దేవగిరి దిక్కు మళ్లిన్రు. ఓరుగల్లు గెలిచింది! ఆ సంబురంల కోట గాదెలు తెరిచి విందులు చేసుకున్నరని చరిత్రకారులు రాస్తరు. ముట్టడి రోజుల కోసం దాచిపెట్టిన గింజలవి. ఉలుగ్ ఖాన్ దేవగిరిల బలం కూడగట్టుకొని, కొన్ని నెలలకే తిరిగొచ్చిండు. ఇప్పుడు అయిదు నెలల ముట్టడి. లోపల అలిసిపోయిన మనుషులు, ఖాళీ గాదెలు. 1323లో కోట పడ్డది. ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీస్కపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం పోయిందని ప్రోలయ నాయకుని విలస శాసనం చెప్తది. ఓరుగల్లు పేరు తీసేసి సుల్తాన్‌పూర్ అని పెట్టిన్రు.

చిట్టీ, ఆ రాజును పడగొట్టింది ఓటమి కాదని నాకనిపిస్తది. రెండుసార్లు ఓడినా రాజ్యం నిలబెట్టుకున్నడు. గెలిచిన తెల్లారి ఏం చేసిన్రో అదే ప్రాణం మీదికి తెచ్చింది. “మీటింగు మీటింగంత నా దిక్కే ఉండె పెద్దమ్మా” అని నువ్వు ఫోన్‌ల అన్నప్పుడు నాకు బుగులైంది గిందుకే. ప్రమోషన్ వచ్చి ఆరు నెలలు కాలేదు. నీ దిక్కు నవ్వినోళ్లల్ల సగం మంది నువ్వు లీడ్‌వని నవ్వినోళ్లే. ఆ నవ్వును లెక్కల కట్టుకోకు తల్లీ. పైలం.

కోపమొస్తున్నది కద? నా మీద రానియ్యి, ఏం కాదు.

ఇప్పుడు నువ్వు అడుగుతవు, “మరి నిజంగనే పొగరున్నోడు ఎదురైతే ఏం చెయ్యాలె పెద్దమ్మా, తల ఒంచుకొని పోవాల్నా” అని. అక్కర్లేదు. ఎవరి ముందర ఒంచకు. దానికి మనం ఇయాగో కాడికి పోవద్దు, రాజుల కాడికి పోవద్దు, పాలకుర్తి పోదాం.

నీకు ఈ కాలంల నమ్మబుద్ధి కాదు గని, మా అవ్వ కాలంల దొర గడి ముందర నుంచి పోవాలంటే చెప్పులు చేతుల పట్టుకొని పోవాలె. మంచి బట్ట కడితే తప్పు, తల ఎత్తితే తప్పు, పంట బాగ పండినా తప్పే. “వీనికి బలిసింది” అని ఒక్క మాట అంటే అయిపాయె, దించుడు మొదలైతది. దించేటోనికి పొగరు కనబడేది ఎవరిల? చేతుల రెండు గింజలున్న వానిల. అందుకే ఎవరన్న ఎవరినన్న పొగరుబోతు అంటే నేను ముందుగాల అనేటోని దిక్కు చూస్త. వాడు ఎంత ఎత్తుల నిలబడి అంటున్నడని.

పాలకుర్తి చాకలి ఐలమ్మ మల్లంపల్లి దొరల భూమి కౌలుకు పట్టి సాగు చేసుకున్నది. ఆంధ్ర మహాసభ సంఘంల చేరింది. ఒక చాకలామె భూమి చేసుడేంది, గింజలు ఇంటికి తెచ్చుకునుడేంది అని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కండ్లు మండినయి. కేసులు పెట్టించిండు. చేను మీద పంట ఎత్తుకపోవాలని మనుషుల్ని పంపిండు. ఐలమ్మ ఏం చేసింది? దొర పొగరు దించుత అని గడి మీదికి పోలేదు. నా భూమి, నా పంట అన్నది. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు తోడు నిలబడ్డరు, వడ్లు ఆమె ఇంటికి చేరినయి. ఆ తర్వాత ఇల్లు తగలబెట్టిన్రు, కుటుంబాన్ని నానా తిప్పలు పెట్టిన్రు. ఆమె భూమి ఇడువలేదు. 1985 సెప్టెంబరు 10న పోయింది. ఇప్పుడు హైదరాబాదుల కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టిన్రు. ఆ దారిల పోయినప్పుడు బోర్డు దిక్కు ఒకసారి చూడు.

నేను నీకు చెప్పదలుచుకున్నది ఆమె కథల ఉన్నది. ఆమె చూపు వడ్ల మీద ఉన్నది, దొర మీసం మీద లేదు. పంట ఇంటికొస్తే దొర తనంతట తనే దిగిండు. మీ ఆఫీసుల కూడ నిన్ను తక్కువ చేసి మాట్లాడేటోళ్లు ఉంటరు. నీ పని వాళ్ల పేరు మీద వేసుకునేటోళ్లు ఉంటరు. అప్పుడు నీ పని నీదని గట్టిగ చెప్పు, కాగితం మీద పెట్టు, పక్కన నలుగురిని నిలబెట్టుకో. వాని మొహం చిన్నబోయిందా లేదా అని చూడకు. ఆ చూపు మొదలైతే పంట మీద నుంచి కన్ను తప్పుతది.

జెండా ముచ్చట చెప్పిన కద, అక్కడ ఒకటి కలుపుకో. 1946 ఆగస్టు 11న మన వరంగల్ కోటలో జాతీయ జెండా ఎత్తిన్రు. అది ఓర్వలేక రజాకార్లు మీద పడి బత్తిని మొగిలయ్యను చంపిన్రు. నువ్వు చిన్నప్పుడు మొగిలయ్య హాలు అంటే ఏదో సినిమా హాలు అనుకునేదానివి. ఆయన పేరే అది. ఇంగ్లండు ఓడల కథ నిజమో కాదో గని, జెండా ఏ ఎత్తుల ఉండాలెనో పైనోళ్లే చెప్పాలె అనే పట్టు ఎంత దూరం పోతదో మన ఊరికి తెలుసు. శుక్రవారం నీ క్లబ్బుల ఈ సంగతి చెప్తే నాకు సంతోషం.

పాలకుర్తి పక్కనే బమ్మెర. పోతన ఊరు. భాగవతంల వామనుడు బలిని పాతాళం దిక్కు తొక్కిండని అందరు అంత వరకే చెప్పుకుంటరు. ఆ తర్వాత సుతలం ఇచ్చి, గద పట్టుకొని ఆయన వాకిట కావలి ఉంటనని దేవుడే ఒప్పుకుంటడు. దించిన చెయ్యే ద్వారం కాడ నిలబడ్డది. నువ్వు ఎవరినన్న సరిదిద్దాల్సి వస్తే, లీడ్‌వి కాబట్టి వస్తది, వాని వాకిట నిలబడే ఓపిక నీకున్నదా అని చూసుకొని సరిదిద్దు. ఆ ఓపిక లేని రోజు మెయిల్ రాయకు, మీటింగు పెట్టకు.

ఇగ ఈ పిల్లగాని సంగతి. సోమవారం పోయి చాటుకు “సారీ” చెప్పి వచ్చేస్తనంటవు. అది చాలదు బిడ్డా. పది మంది ముందర పోయింది పది మంది ముందరనే రావాలె. ముందుగాల వాణ్ని ఒక్కణ్నే పిలిచి, ఆ రోజు నేను అడిగిన తీరు బాగలేదని సూటిగ చెప్పు. “నువ్వు తెలుసన్నందుకు నాకు కోపమొచ్చింది” అని కారణాలు మొదలుపెట్టకు, అది మల్ల వాని తప్పు చెప్పినట్టే అయితది. తర్వాత వానికి నిజంగ వచ్చిన పని ఏదో కనుక్కో. ప్రతి మనిషికి ఒకటి ఉంటది. వచ్చే మీటింగుల అది వానితోనే చెప్పించు. నడుమల అందుకోకు. నీకు తెలిసింది చెప్పినా తెలువనట్టే విను. ఎవరన్న నవ్వితే ఆపు. ఒక్కసారి చేసి ఊకోకు, వాడు తెలువదని చెప్పడానికి భయపడని రోజు వచ్చే దాక చెయ్యి. నీకు తెలువనిది వచ్చినప్పుడు నువ్వు కూడ అందరి ముందర “నాకు తెలువదు, చెప్పున్రి” అను. వాడది చూస్తడు.

ఎక్కువ తిట్టినట్టున్న. నువ్వు చెడ్డదానివని కాదు చిట్టీ. చెడ్డదానివైతే ఆ ముచ్చట నాకు చెప్పకపోదువు. ఎక్కడో ఏదో ముల్లు లెక్క గుచ్చుకునే ఉంటది, అందుకే మాట పుట్టుక అడిగే సాకుతోని ఫోన్ చేసినవు. నీ మనసు నాకు తెలుసు.

తిండి ఎగ్గొట్టకు. రాత్రి పన్నెండు దాక ఫోన్ చూడకు. హాస్టల్ల పెరుగు పుల్లగ ఉంటదన్నవు కద, వచ్చినప్పుడు తోడు గిన్నె ఇచ్చి పంపుత. సద్దుల బతుకమ్మకు ముందు రోజే రా, రైళ్లల్ల కాలు పెట్ట సందుండదు, టికెట్ ఇప్పుడే చేసుకో. వేయి స్తంభాల గుడి కాడికి మీ అమ్మను ఈసారి ఆటోలనే తీస్కపోవాలె, నడుస్త అని మొండి చేస్తది, నువ్వు చెప్తేనే వింటది.

ఆ పిల్లగాడు ఏమన్నడో నాకు ఫోన్ చేసి చెప్పు. మంచిగ మాట్లాడినా చెప్పు, మొహం తిప్పుకున్నా చెప్పు. మీటింగు సంగతి మీ అమ్మకు చెప్పలేదు, చెప్పను.

నీ
పెద్దమ్మ